ఇంటి లెక్కలు: నేల మీద నుంచి లేవడం

క్రితం సంచికలో డిపాజిట్లకు, లాకరుకు నామినీ పేరు రాయించుకోవడం గురించి రాశాను. అది చదివి కటక్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. "మనం పోయాక డబ్బు ఎవరికి చేరాలో బాగానే చెప్పారు. పోయేదాకా మంచం పట్టకుండా ఉండే లెక్క కూడా ఏదైనా ఉంటే చెప్పండి" అని. వేళాకోళానికే రాసి ఉంటారు. కానీ ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. అలాంటి లెక్క ఒకటి మూడేళ్ళుగా మా ఇంట్లో నడుస్తోంది మరి.

ముందే చెబుతున్నాను, నేను డాక్టరును కాను. ఖల్లికోట కాలేజీలో బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో కూర్చుని పనిచేస్తున్నదాన్ని. "కూర్చుని" అన్న మాట కావాలనే రాశాను.

2022 నవంబరు, కార్తీకమాసం. అమ్మకు అప్పటికి 77 ఏళ్ళు. నేను బ్యాంకుకు వెళ్ళిపోయాను. మావారు ఏదో పని మీద ఛత్రపురం వెళ్ళారు. మా అబ్బాయి ఎలాగూ బెంగుళూరులోనే ఉంటాడు. అమ్మ తులసికోట దగ్గర దీపం కుందిలో నూనె పోస్తుంటే కాస్త ఒలికింది. తుడుద్దామని గుడ్డ తెచ్చి కింద కూర్చుంది. అంతే, ఇక లేవలేకపోయింది. జారలేదు, పడలేదు, కళ్ళు తిరగలేదు. కూర్చున్న మనిషి లేవలేకపోయింది.

అప్పుడు ఉదయం పదకొండున్నర. మా ఒడిశాలో పనిమనిషిని మావుసీ అని పిలుస్తాం. ఆ మావుసీ నాలుగు గంటలకు పెరటి తలుపు తట్టేదాకా అమ్మ అలాగే ఉంది. ఫోను హాల్లో బల్ల మీద ఉంది. భోజనాల వేళ నేను మూడుసార్లు చేశాను. ఎత్తకపోతే నిద్రపోయిందనుకున్నాను. ఆ మూడు పిలుపులూ అమ్మకు వినిపిస్తూనే ఉన్నాయట.

ఎక్స్‌రే తీయించాం. ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. అది విని నేను ఊపిరి పీల్చుకుంటే అమ్మ మాత్రం ఏడ్చింది. "కాలు విరిగినా బాగుండేదే, నలుగురికి చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండేది. కూర్చున్నదాన్ని లేవలేకపోయానంటే ఏటని చెప్పుకోనే?" అంది.

ఆ తర్వాత రెండు నెలలు చాలా చెడ్డగా గడిచాయి. అమ్మ పెరట్లోకి వెళ్ళడం మానేసింది. బాత్రూముకు మాటిమాటికి లేవాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగడం తగ్గించింది. భయంతో కదలడం మానేస్తే ఉన్న కండ కూడా కరుగుతుంది, కండ కరిగితే భయం పెరుగుతుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు. ఈ వరస నేను కౌంటరులో చాలాసార్లు చూశాను గానీ మా ఇంట్లో చూస్తాననుకోలేదు.

ఫిజియోథెరపీ చూసే అమ్మాయి ఒకరు ఇంటికి వచ్చారు. పాతికేళ్ళు ఉంటాయేమో. అమ్మను మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని లేవమన్నారు. అమ్మ ఊగింది, ముందుకు వంగింది, లేవలేకపోయింది. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, "ఆంటీ, మీరు కింద కూర్చుని ఒకసారి లేవండి చూద్దాం" అన్నారు. ఇదేం పరీక్ష అనుకుంటూ కూర్చున్నాను. లేచేటప్పుడు ఒక చెయ్యి నేలకు ఆనించాను, ఒక మోకాలు కూడా ఆనించాను, చివరికి సోఫా చెయ్యి పట్టుకున్నాను. నాకప్పుడు 53. రోజూ పొద్దున్నే అరగంట నడుస్తాననే గర్వం కూడా ఉండేది.

నేల మీద కూర్చుని లేవడాన్ని బ్రెజిల్ డాక్టర్లు ఒక పరీక్షగా పెట్టారు. 10 మార్కులు. చెయ్యి ఆనిస్తే ఒకటి, మోకాలు ఆనిస్తే ఒకటి తీసేస్తారు. 51 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసున్న 2,002 మందిని కొన్నేళ్ళు గమనించి 2012లో ఫలితాలు ప్రకటించారు. తక్కువ మార్కులు వచ్చినవారిలో మరణాలు చాలా ఎక్కువగా కనిపించాయి. లేవలేకపోవడం వల్లే పోయారని దీని అర్థం కాదు. ఒంట్లో మరేదో లోపం ఉన్నవారికి బలమూ తగ్గి ఉండవచ్చు. అయినా, వ్రతానికి, పంక్తి భోజనానికి, పేరంటానికి నేల మీదే కూర్చునే మన ఇళ్ళల్లో ఈ పరీక్ష రోజూ జరుగుతూనే ఉంది. ఫలితం చూసుకోం, అంతే. మోకాళ్ళని చెప్పి కుర్చీ వేయించుకుంటాం.

ముప్ఫై దాటాక కండ పదేళ్ళకు 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. అరవై దాటాక ఇంకా వేగంగా. ఆడవాళ్ళకు బహిష్టులు ఆగాక ఎముక తరుగు కూడా దీనికి తోడవుతుంది. ఈ కండ తరుగుదలకు 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకు మాటల్లో మాంసపు లేమి అని అర్థం. మనం బ్యాంకులో యంత్రాలకు, బల్లలకు ఏటా తరుగుదల రాస్తాం. ఒంటికి రాయం.

తగ్గింది మళ్ళీ పెరుగుతుందా? నేను అడిగిన మొదటి ప్రశ్న ఇదే. పెరుగుతుందట, ఏ వయసులోనైనా. 1990లో బోస్టన్ డాక్టర్లు ఒక పరిశోధన ప్రచురించారు. వృద్ధుల ఆశ్రమంలో సగటున 90 ఏళ్ళ వయసున్న 10 మందిచేత 8 వారాలు కాళ్ళతో బరువులు ఎత్తించారు. ఒకరు మధ్యలో మానేశారు. మిగిలిన తొమ్మిదిమందికి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. అసలు చిన్నదైతే వడ్డీ శాతం పెద్దగా కనిపిస్తుందని నాకూ తెలుసు. కానీ వాళ్ళల్లో ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు, అది చాలు నాకు. మరో సంగతి కూడా అందులోనే ఉంది. మానేసిన నాలుగు వారాల్లో ఆ బలం దాదాపు మూడోవంతు తగ్గిపోయింది. అంటే ఇది ఒకసారి వేసి మరిచిపోయే డిపాజిట్టు కాదు, నెలనెలా కట్టే ఖాతా.

ఇక్కడ మీరు అడగబోయేది నాకు తెలుసు. "ఇల్లు ఊడుస్తాం, బట్టలు ఆరేస్తాం, రోజంతా నిలబడే ఉంటాం. మాకు ఇంకా వ్యాయామం ఎందుకు?" మా అమ్మా ఇదే అంది. నేనూ అదే నమ్మేదాన్ని. ఆ అమ్మాయి చెప్పిన జవాబు ఇది: కండ తనకు అలవాటైన బరువుకు పెరగదు, అలవాటుకు మించి కొంచెం అడిగితేనే పెరుగుతుంది. చీపురు బరువు ఇరవై ఏళ్ళుగా ఒకటే. నడక గుండెకు మంచిది, మానకండి. కానీ కుర్చీలోంచి లేపే తొడ కండకు నడక చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో నడకలాంటివి వారానికి 150 నిమిషాలకు తగ్గకూడదని చెప్పి ఊరుకోలేదు. కండబలం పెంచే పని వారానికి రెండు రోజులైనా వేరుగా చేయమంది. అరవై అయిదు దాటినవారు తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన కూడా మూడు రోజులు చేయాలంది.

"మా అమ్మమ్మ రోకలి పోటు వేసింది, తిరగలి తిప్పింది, నూతిలో నీళ్ళు తోడింది, ఆవిడ ఏ జిమ్ముకు వెళ్ళింది?" అని మా వదిన వాదిస్తుంది. నిజమే, ఆ పనుల్లో బరువు ఉంది. కానీ ఆ పని ఆవిడ ఎంచుకున్నది కాదు. జ్వరమొచ్చినా, కడుపుతో ఉన్నా తప్పేది కాదు. అందరూ తిన్నాక మిగిలింది తిని చేసేది. మా అమ్మమ్మ యాభై ఏళ్ళకే నడుం వంగిపోయింది. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. అరగంట మన కోసం, కడుపునిండా తిని, మనకు తోచిన బరువు ఎత్తుకోవడం వేరు.

బరువులు కొనాలా అంటే అక్కర్లేదు. నీళ్ళకు మించిన తూకపురాయి లేదు. లీటరు నీళ్ళు ఒక కిలో. బకెట్టులో నాలుగు లీటర్లు పోస్తే నాలుగు కిలోలు, ఇంకో లోటా పోస్తే ఇంకొంచెం. ఏ జిమ్ములోనూ అరకిలో అరకిలో చొప్పున ఇంత సులువుగా పెంచుకోలేం. పనైపోయాక మొక్కలకు పోసుకోవచ్చు. కందిపప్పు కిలో పొట్లాలు మూడో నాలుగో వేసిన గుడ్డసంచి ఇంకో సాధనం. కదలని కుర్చీ, వంటగట్టు, గోడ. ఇంతే సామాను.

అమ్మ సంగతి ముందు చెబుతాను. కుర్చీలోంచి లేవలేని మనిషికి బరువు ఎలా పెంచాలి? పెంచలేదు, తగ్గించాం. కుర్చీని గోడకు ఆనించి, దాని మీద దళసరి బొంతలు నాలుగు మడతపెట్టి వేశాం. ఆసనం ఎత్తయింది. అంత ఎత్తు మీద నుంచి అమ్మ చేతులు ఆనించకుండా లేవగలిగింది. అయిదుసార్లు లేచి కూర్చోవడం, కాసేపు విశ్రాంతి, మళ్ళీ అయిదు. రోజు విడిచి రోజు. "ఏటే ఇది, ఈ వయసులో నాచేత బస్కీలు తీయిస్తావా? వినాయకుడి ముందు గుంజీలు తీసినప్పుడే నయం, ఉండ్రాళ్ళయినా పెట్టీవోళ్ళు" అనేది. మూడు వారాలకు ఒక బొంత తీసేశాం. ఇంకో నెలకు రెండోది. ఆఖరి బొంత దగ్గర నాలుగు నెలలు ఆగిపోయాం. మధ్యలో జ్వరమొచ్చి, తీసిన బొంత మళ్ళీ వేయాల్సి వచ్చింది. అప్పుడు అమ్మకన్నా నాకే ఎక్కువ నిరాశ.

నేను చేసేది ఇలా ఉంటుంది. కుర్చీలోంచి లేవడం నాకు సులువే కాబట్టి పప్పు సంచి గుండెలకు హత్తుకుని లేస్తాను. కూర్చునేటప్పుడు కూలబడకుండా మెల్లగా దిగాలి, సగం లాభం దిగడంలోనే ఉంది. తర్వాత గోడకు రెండు చేతులూ ఆనించి, మోచేతులు మడిచి గోడ దగ్గరకు వెళ్ళి నెట్టుకుంటూ వెనక్కి రావడం. అది అలవాటయ్యాక గోడ బదులు వంటగట్టు. మగవాళ్ళు వ్యాయామశాలల్లో తీసే దండీలకు ఇది చెల్లెలు. ఆ తర్వాత ఒక చెయ్యి కుర్చీకి ఆనించి వంగి, రెండో చేత్తో సంచిని నేల వైపు నుంచి నడుం దాకా లాగడం. నూతిలో చేద లాగినట్టే. ఇది వీపుకు, భుజాల వెనక భాగానికి. వంటింట్లో గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పప్పు ఉడికేలోగా అయిపోతుంది.

బకెట్టు ఎత్తడం గురించి మాత్రం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది నడుం పట్టేది ఇక్కడే. బకెట్టు దూరంగా ఉంచి వీపు విల్లులా వంచి ఎత్తకూడదు. దాన్ని రెండు పాదాల మధ్యకు తెచ్చుకోవాలి. తుంటి దగ్గర మడిచి, పిరుదులు వెనక్కి నెట్టి, వీపు చెక్కలా ఉంచి, మోకాళ్ళు కొంచెం వంచి, పాదాలతో నేలను తొక్కుతూ లేవాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. రక్తపోటు ఉన్నవారికి బిగబట్టడం ప్రమాదం. ఇది వచ్చాక రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకుని వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడవడం. మొదట నాలుగేసి కిలోలు. ఇప్పుడు పదేసి.

ఏదైనా 8 నుంచి 12 సార్లు చేయగలిగే బరువు పెట్టుకోవాలి. ఆఖరి రెండుసార్లు కష్టంగా ఉండాలి. 12 కూడా తేలికైపోతే ఒక లోటా నీళ్ళు కలపాలి. మర్నాడు కండలు నొప్పెడితే అది మామూలే. కీలులో సూదిలా పొడిస్తే ఆపాలి. గుండె జబ్బు, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, హెర్నియా, గర్భసంచి జారడం, ఎముకలు బాగా గుల్లబారడం ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు మాత్రం, "నాకు మోకాళ్ళు" అని మానేయడానికి లేదు. మోకాలి అరుగుదలకు తొడ కండను బలపరచమనే డాక్టర్లు చెబుతున్నారు. ఎత్తు కుర్చీతో మొదలుపెట్టాలి, అంతే.

"కండలు పెరిగి మగరాయుడిలా అవుతానేమో" అని మా బ్రాంచిలో ఒక అమ్మాయి భయపడింది. ఆడవాళ్ళ ఒంట్లో మగ హార్మోను చాలా తక్కువ. బకెట్టు నీళ్ళకు అలాంటివి రావు. వస్తే నాకు చూపించమన్నాను.

అసలు మా బరంపురం వస్తాదుల ఊరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ పోటీల్లో 69 కిలోల తరగతిలో స్వర్ణం తెచ్చిన కె. రవికుమార్ మా ఊరివాడే. మా చిన్నప్పుడు వీధిలో వ్యాయామశాల ఉంటే ఆడపిల్లలం ఆ గుమ్మం దాటి వేగంగా నడిచిపోయేవాళ్ళం, లోపలికి చూడటం కూడా తప్పు. ఇక్కడ రైలెక్కితే రెండు మూడు గంటల్లో వచ్చే ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో అదే 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆడవాళ్ళ బరువులెత్తే పోటీ ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడాది. అప్పుడు మేమంతా టీవీ ముందు చప్పట్లు కొట్టాం. గ్యాసు సిలిండరు జరపడానికి మాత్రం మళ్ళీ పక్కింటి కుర్రాణ్ణే పిలిచాం.

తిండి సంగతి. ఇటుక లేకుండా గోడ లేవదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఈ సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకు వచ్చింది, తమిళనాడు పాఠకులు గర్వపడవచ్చు. 60 కిలోల మనిషికి అది 50 గ్రాములు. పెద్దవయసువారికి కిలోకు ఒక గ్రాము, ఆపైన ఉంటే మేలని చాలామంది నిపుణుల మాట. అమ్మ ఒక రోజు తిండి కాగితం మీద రాసి కూడితే 30 దాటలేదు. పొద్దున్న రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నంలో పలచటి చారు, రాత్రి మజ్జిగన్నం. ఏకాదశి నాడు అదీ లేదు. ఇప్పుడు మధ్యాహ్నం ముద్దపప్పు గట్టిగా, సాయంత్రం గుప్పెడు శనగల గుగ్గిళ్ళో వేయించిన వేరుశనగలో, పడుకోబోయే ముందు గ్లాసెడు పాలు. పళ్ళు లేని రోజుల్లో శనగలు మెత్తగా రుబ్బి పెడతాను. గుడ్డు తినే ఇళ్ళలో ఒక్కో గుడ్డుకు 6 గ్రాములు సులువుగా వస్తాయి. మా ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు.

ఇంకొకటి. ఇది బలం కాదు, పద్ధతి. కానీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే వేళలు మన ఇళ్ళల్లో ఎక్కువైపోయాయి కాబట్టి అందరూ నేర్పాలి. కింద కూర్చుండిపోతే తిన్నగా లేవబోకూడదు. పక్కకు ఒత్తిగిలి, చేతుల మీద, మోకాళ్ళ మీదకు రావాలి. అలాగే పాకుతూ కదలని కుర్చీ దగ్గరకో మంచం దగ్గరకో చేరాలి. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమైన కాలి పాదం ముందుకు వేసి, చేతులతో నొక్కుతూ లేచి, తిరిగి కూర్చోవాలి. ఆ రోజు అమ్మకు ఇది తెలిసి ఉంటే పెరటి గడప పక్కనున్న స్టూలు నాలుగడుగుల దూరంలోనే ఉంది. మేం దీన్ని పరుపు కింద వేసి, నేను పక్కన కూర్చుని, ఆదివారాలు నేర్పాం. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే మాత్రం లేవకుండా మనిషిని పిలవాలి. అందుకే అమ్మ ఫోను ఇప్పుడు మెడలో సంచిలో ఉంటుంది.

మూడేళ్ళ లెక్క ఒక పాత డైరీలో ఉంది. 30 సెకన్లలో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో చూసే పరీక్ష ఒకటి అమెరికా వైద్యులు వాడతారు. చేతులు వాడితే సున్నా. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 కన్నా తక్కువైతే బలం తగ్గినట్టు. 75 నుంచి 79 ఏళ్ళవారు 10 కన్నా, 80 నుంచి 84 వారు 9 కన్నా తక్కువ కాకూడదు. 2023 జనవరిలో అమ్మ సున్నా, నేను 11. ఇప్పుడు నాకు 56, నేను 17. అమ్మకు 80, ఎనిమిది. ఇంకొక్కటి తక్కువ.

మొన్న కార్తీకంలో అమ్మ మళ్ళీ తులసికోట దగ్గర కూర్చుంటానంది. పీట వేశాను, పక్కనే కుర్చీ గోడకు ఆనించి పెట్టాను. దీపాలు వెలిగించి, దణ్ణం పెట్టుకుని, చేతుల మీదకు వంగింది. నేను ముందుకు వెళ్ళబోతే, "నువ్వు పట్టుకోకే" అంది. కుర్చీ మీద రెండు చేతులూ ఆనించి, ఒక కాలు ముందుకు వేసి, కాసేపు అలాగే ఆగింది. తర్వాత లేచింది. చెంగుకు నూనె అంటుకుంటే దాని కోసం నన్ను తిట్టింది.